ఏడీహెచ్‌డీకి మందు మొదలుపెట్టాలా వద్దా? మా ఇంట్లో జరిగింది, చదివి తెలుసుకున్నది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: బాబుకి ఆరున్నరేళ్ళు, రెండో తరగతి. టీచరు చెప్పారని డాక్టరుకి చూపిస్తే ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేకపోయే సమస్య) అని మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాశారు. మీ అత్తగారేమో "వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే, పెద్దయితే వాడే కుదురుకుంటాడు, పసివాడికి మెదడు మందులేంటి" అంటున్నారు. మందు వేయాలా, అలవాటు పడిపోతాడా, పరిశోధనలు అసలేం తేల్చాయి అని అడిగారు.

నేను డాక్టర్ని కాదండీ. మా వాడికి మూడో తరగతిలో ఇదే తేలింది, ఇప్పుడు తొమ్మిది చదువుతున్నాడు. మేముండేది ఖమ్మంలో, చూపించేది హైదరాబాద్‌లో.

మందు కన్నా ముందు వయసు సంగతి చూడండి. ఆరున్నరకే రెండో తరగతంటే క్లాసులో మీ వాడే అందరికన్నా చిన్నవాడై ఉండొచ్చు. అమెరికాలో బడిలో చేర్చుకోవడానికి సెప్టెంబరు 1 గడువుగా ఉన్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి క్లాసులో అందరికన్నా చిన్నవాళ్ళుగా ఉన్న పిల్లల్ని, సెప్టెంబరులో పుట్టి అందరికన్నా పెద్దవాళ్ళుగా ఉన్న పిల్లలతో పోల్చి చూశారు. చిన్నవాళ్ళలో ఏడీహెచ్‌డీ అని తేల్చడం 34 శాతం ఎక్కువ. 2018లో వచ్చిన లెక్క ఇది. ఆగస్టుకీ సెప్టెంబరుకీ మెదడులో తేడా ఏముంటుంది? ఏడాది చిన్నవాణ్ణి పెద్దవాళ్ళ పక్కన కూర్చోబెట్టి కుదురు లేదంటున్నామన్నమాట. మన దగ్గర కూడా "ఒక ఏడాది కలిసొస్తుంది" అని తొందరపడి బడిలో వేసే ఇళ్ళు తక్కువేం కాదు. ఈ మాట డాక్టరుతో తప్పకుండా చెప్పండి. మీ వాడికి ఏడీహెచ్‌డీ లేదని నేననడం లేదు, ఇది కూడా లెక్కలోకి రావాలంటున్నా.

ఇంకోటి, ఎంతసేపు చూసి రాశారు? దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్‌లో కనపడదు. డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం లక్షణాలు ఆరు నెలలుగా ఉండాలి, పన్నెండేళ్ళ లోపే కొన్నయినా కనిపించి ఉండాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనపడాలి. బడిలోనే ఉండి ఇంట్లో లేదంటే గొడవ బడిలో ఉందేమో చూడాలి. మేము మొదట వెళ్ళిన చోట బడి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, కూర్చునేలోపు చీటీ చేతికొచ్చింది. తర్వాత చూపించిన డాక్టరు మా ఇద్దరికీ, క్లాస్ టీచరుకీ విడివిడిగా వాండర్‌బిల్ట్ ఫారాలిచ్చారు, ఏ లక్షణం ఎంత తరచుగా కనపడుతుందో టిక్కు పెట్టేవి. కళ్ళు, చెవులు చూపించుకు రమ్మన్నారు, నిద్ర గురించి గుచ్చి గుచ్చి అడిగారు. ఒకే పిల్లాడి గురించి నేను "చాలా తరచుగా" అని టిక్కు పెట్టిన చోటల్లా మా ఆయన "అప్పుడప్పుడు" అని పెట్టారు. డాక్టరు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి, "హోంవర్క్ ఎవరు చేయిస్తారు?" అని మాత్రం అడిగారు.

ఇక మందు. దీని మీద అందరూ చెప్పేది అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ చేయించిన ఎంటీఏ అధ్యయనం. ఫలితాలు 1999లో వచ్చాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు 579 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒకరికి మందు, ఒకరికి తల్లిదండ్రుల శిక్షణ, బడిలో సాయం లాంటి ప్రవర్తనా చికిత్స, ఒకరికి రెండూ. నాలుగో గుంపుని మాత్రం "మీ ఊళ్ళో దొరికే వైద్యం మీరు చేయించుకోండి" అని వదిలేశారు. 14 నెలల తర్వాత చూస్తే కుదురు, ధ్యాస విషయంలో మందు గుంపు, రెండూ కలిపిన గుంపు ముందున్నాయి. "చూశారా, మందే గెలిచింది" అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు.

నన్ను పట్టుకున్నది నాలుగో గుంపు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది పిల్లలు కూడా మందు వాడినవాళ్ళే! అయినా వెనకబడ్డారు. అధ్యయనంవాళ్ళే మందు ఇచ్చిన పిల్లలకి మొదటి నెలంతా రకరకాల మోతాదులిచ్చి, ఏది ఎవరికి సరిపడుతుందో చూశారు. తర్వాత నెలనెలా అరగంట డాక్టరు కూర్చుని మాట్లాడాడు, టీచరుని అడిగి తెలుసుకున్నాడు. బయట వైద్యం చేయించుకున్న పిల్లల్ని డాక్టరు చూసింది ఏడాదికి ఒకటి రెండు సార్లు, మోతాదూ తక్కువే. అందుకే "మందు వేయాలా వద్దా" అన్న ప్రశ్న కన్నా "మందు రాసిన మనిషి నెలనెలా చూస్తాడా, టీచరు మాట వింటాడా" అన్నది పెద్ద ప్రశ్న అంటాను. మనకి లోటంతా అక్కడే ఉంది.

అదే అధ్యయనం తర్వాతి కథ కూడా తెలుసుకోండి. 14 నెలలకి అజమాయిషీ అయిపోయింది, ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చేయించుకున్నారు. మూడేళ్ళకి చూస్తే నాలుగు గుంపుల మధ్య తేడా లేకుండా పోయింది. మందు మానకుండా వాడినవాళ్ళు ఎత్తులో రెండు సెంటీమీటర్లు అటూ ఇటూగా వెనకబడ్డారని కూడా తేలింది. అలవాటు పడతాడేమోనన్న భయానికి మాత్రం ఆధారం దొరకలేదు. చిన్నప్పుడు ఈ మందు వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తు వ్యసనాల్లోకి ఎక్కువగా వెళ్ళడం, వాటి నుంచి తప్పించుకోవడం రెండూ కనపడలేదు. మత్తుమందుల్ని అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందు కాబట్టి ప్రతి మెడికల్ షాపులో దొరకదు. మేము చీటీ పట్టుకుని ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్తాం.

మీ అత్తగారి మాటని పూర్తిగా కొట్టిపారేయకండి. "వాళ్ళ నాన్నా ఇంతే" అన్నది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. కవలల మీద చేసిన పరిశోధనలు కలిపి చూస్తే ఇందులో వంశపారంపర్యం వాటా 74 శాతం వరకూ వచ్చింది. "కుదురుకుంటాడు" అన్నదానికీ కొంత ఆధారముంది. ఒక్కరి స్కాన్‌లో తెలియదు గానీ, 2007లో చాలామంది పిల్లల స్కాన్లు తీసి పోల్చి చూస్తే మెదడు పైపొర మందం గరిష్ఠానికి చేరే వయసు మామూలు పిల్లల్లో ఏడున్నర దగ్గరుంటే ఏడీహెచ్‌డీ పిల్లల్లో పదిన్నర దగ్గరుంది, అంటే ఆలస్యంగా చేరుతోందన్నమాట. కాకపోతే అందరికీ పెద్దయ్యాక పోదు, అంతవరకూ బడిలో తిట్లు తినేది వాడేనండీ.

మా ఇంట్లో మందు వేశాం, ఇప్పటికీ బడి రోజుల్లో వేస్తున్నాం. మొదట కనపడ్డ తేడా ఆకలి. మధ్యాహ్నం బాక్సు తెరవకుండానే తిరిగొచ్చేది. మూత తీస్తే పప్పన్నం పెట్టినట్టే గట్టిపడి ఉండేది, ఒక మూల మాత్రం వేలితో కెలికి ఉండేది, తిన్నాడనుకోవాలని కాబోలు. డాక్టరు చెప్పినట్టు మాత్రకి ముందే కడుపునిండా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టాను, పెసరట్టులో ఉప్మా పెట్టి మరీ. రాత్రి మందు దిగాక ఆకలేస్తుంది, అప్పుడు ఇంకోసారి పెరుగన్నం. బరువూ ఎత్తూ డాక్టరు దగ్గర చార్టు మీద ఎక్కుతూనే ఉంటాయి.

బడిలో పనికొచ్చింది ఒక చిన్న కార్డు. అట్ట ముక్క మీద మూడే గీతలు: సీట్లో కూర్చున్నాడా, క్లాస్‌వర్క్ పూర్తి చేశాడా, డైరీ రాసుకున్నాడా. సాయంత్రం టీచరు టిక్కు పెట్టేవారు. రెండు టిక్కులు వస్తే ఇంటికొచ్చాక సైకిలు. మార్కుల కోసం కాదు, ఆ రోజు కోసం. బహుమతి నెలాఖరుకి పెడితే ఈ పిల్లలకి అది వచ్చే జన్మలో ఉన్నట్టే. ఇలా తల్లిదండ్రులు నేర్చుకుని చేసే పద్ధతుల్నే ఆరేళ్ళ లోపు పిల్లలకి ముందుగా మొదలుపెట్టమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో చెప్పింది. ఆరు దాటితే మందూ ఇవీ కలిపి. మీ వాడు గీత మీదే ఉన్నాడు కాబట్టి, కొన్ని నెలలు ముందు ఇవి చేసి చూడొచ్చా అని మీ డాక్టర్ని అడగడంలో తప్పేం లేదు.

చక్కెర మానిపిస్తే తగ్గుతుందన్నది 90ల్లోనే పరీక్షించి చూశారు, నిలబడలేదు. తలకి వైర్లు పెట్టి కంప్యూటర్ గేమ్ ఆడించే న్యూరోఫీడ్‌బ్యాక్ ప్యాకేజీలకి డబ్బు పెట్టేముందు ఆలోచించండి. పిల్లాడికి ఏ చికిత్స ఇస్తున్నారో తెలియనివాళ్ళు మార్కులేసిన పరీక్షల్లో దాని ఫలితం పెద్దగా కనపడలేదు.

ప్రైవేటులో కష్టమనుకుంటే జిల్లా ఆసుపత్రిలో డైక్ సెంటర్ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చూసే కేంద్రం) ఉందేమో కనుక్కోండి. ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే చూసే సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. టెన్షన్‌గా ఉండి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చదవడం, రాయడంలో కూడా ఇబ్బంది పడుతుంటే లెర్నింగ్ డిజెబిలిటీ పరీక్ష విడిగా చేయించండి, రెండూ కలిసి ఉండటం మామూలే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అది ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. రేపు పదో తరగతిలో అదనపు సమయం అడగాల్సి వస్తే లెర్నింగ్ డిజెబిలిటీ సర్టిఫికెట్టే అక్కరకొస్తుంది.