ఏ320 టైప్ రేటింగ్ ముందే చేయించాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కొబ్బరి తోట, కాస్త వరి ఉంది. బాబు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాడు, పైలట్ అవుతానంటున్నాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు పైలట్ లైసెన్సు, ఏ320 టైప్ రేటింగ్ (ఎయిర్‌బస్ ఏ320 రకం విమానం నడపడానికి విడిగా తెచ్చుకోవాల్సిన అర్హత) రెండూ కలిపి ప్యాకేజీ చెప్పారు. తక్కువ ధర విమాన కంపెనీలు ఒకే రకం విమానం నడుపుతాయి, అది నేర్చుకుంటే ఉద్యోగం ఖాయమంటున్నారు. నిజమేనా? అసలు ఆ కంపెనీలు ఒకే రకానికి ఎందుకు కట్టుబడతాయి?

జవాబు: ఒకే రకం నడుపుతాయన్నది చాలావరకు నిజం. ఉద్యోగం ఖాయమన్నది నిజం కాదండి. ముందు కంపెనీ లెక్క చూద్దాం. మీరు ఏ డబ్బు ఎప్పుడు కట్టాలో అందులోనే తెలుస్తుంది.

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒకే కంపెనీవైతే, అర్ధరాత్రి గేర్‌బాక్స్ పోయినా షెడ్డులో ఉన్న ఒక్క స్పేరు ఏ చెరువుకైనా సరిపోతుంది. రెండు కంపెనీలవి కలిపితే స్పేర్లూ రెండు రకాలు కొనిపెట్టుకోవాలి. విమానాల దగ్గరా ఇంతే, కాకపోతే అక్కడ మనుషుల్ని కూడా స్పేరుగా ఉంచుకోవాలి.

ఏ320 పైలట్ బోయింగ్ 737 నడపలేడు. రకం మారితే మళ్లీ క్లాసులు, వారాల తరబడి సిమ్యులేటర్ (నేలమీదే ఉండే నకలు కాక్‌పిట్) సాధన, ఆపైన శిక్షకుడి పక్కన కూర్చుని ప్రయాణికులతో నడపడం, అన్నీ చేయాలి. ఆ నెలల్లో జీతం పోతూనే ఉంటుంది, విమానం మాత్రం నడవదు. దీనికి తోడు ఆరు నెలలకోసారి సిమ్యులేటర్లో పరీక్ష. ఎవరికైనా జ్వరం వస్తే ఎక్కడానికి స్టాండ్‌బై పైలట్లు కూడా కావాలి. ఉదాహరణకు ఒక ఊళ్లో ఒకే రకం విమానాలకు మూడు జతల స్టాండ్‌బై చాలనుకోండి. అవే రెండు రకాలైతే ఒక్కోదానికి రెండేసి జతలు పెట్టాలి. అంటే, ఊరికే కూర్చునే మనుషులు పెరిగారు.

సాయంత్రం హైదరాబాద్‌లో ఒక విమానం మొరాయించిందనుకోండి. పక్కనున్నది అదే రకమైతే అదే పైలట్లు, అదే సిబ్బంది దాంట్లోకి మారిపోతారు. 180 సీట్ల బదులు 180 సీట్లే కాబట్టి టికెట్ ఉన్నవాడెవడూ మిగిలిపోడు. యాభై సీట్లకు ఒకరు చొప్పున నలుగురు క్యాబిన్ సిబ్బంది కావాలన్న లెక్కా మారదు. చక్రాలు, బ్రేకులు, స్పేరు ఇంజిన్, విమానాన్ని వెనక్కి నెట్టే టో బార్ కూడా ఒకే రకం చాలు. అరగంటలో దిగి, జనాన్ని ఎక్కించుకుని, మళ్లీ ఎగరాలంటే మెకానిక్ చేతులకు ఆ ఒక్క విమానమే అలవాటై ఉండాలి. వందల్లో ఒకే రకం ఆర్డరిస్తే ధర దగ్గర గట్టిగా బేరమాడొచ్చు కూడా. అమెరికాలో సౌత్‌వెస్ట్ 1971 నుంచి 737లనే నమ్ముకుంది. మన ఇండిగో 2005లో వంద ఏ320లకు ఆర్డరిచ్చి 2006 ఆగస్టులో ఎగరడం మొదలుపెట్టింది. ఆకాశ ఎయిర్ 2022 ఆగస్టులో 737 మ్యాక్స్‌లతో మొదలై వాటితోనే నడుస్తోంది.

అయితే ఒకే రకం పెట్టుకుంటే దెబ్బ కూడా ఒకేసారి తగులుతుంది. 2019 మార్చిలో 737 మ్యాక్స్‌లను ప్రపంచమంతా ఆపేశారు. మన దేశంలో అవి మళ్లీ ఎగరడానికి 2021 ఆగస్టు దాకా పట్టింది. గో ఫస్ట్ విమాన కంపెనీ దగ్గరున్నవి ఏ320లే. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లు అందక సగం విమానాలు నేలమీదే ఉండిపోయాయని చెప్పి 2023 మేలో ఆగిపోయింది. ఆ రోజు వేల గంటల అనుభవమున్న ఏ320 పైలట్లు ఒక్కసారిగా వేరే ఉద్యోగాలు వెతుక్కోవాల్సి వచ్చింది. అలాంటి సమయంలో 200 గంటలే విమానం నడిపిన కుర్రాడు సొంత డబ్బుతో తెచ్చుకున్న రేటింగ్ పట్టుకుని వెళితే వరసలో ఎక్కడ నిలబడతాడో ఆలోచించండి.

పైగా అన్ని కంపెనీలదీ అదే రకం కాదు. మన మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం)కి వచ్చే ఏటీఆర్ 72 చూసే ఉంటారు. అంత జనం లేని దారుల్లో 180 సీట్లు నిండవు కాబట్టి ఇండిగో 2017లో ఆ 78 సీట్ల విమానాల్ని తెచ్చుకుంది. వాటి పైలట్లు వేరు, రేటింగ్ వేరు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో 737లూ ఉన్నాయి, ఎయిర్‌బస్‌లూ ఉన్నాయి. బాబును ఆకాశ పిలిస్తే ఏ320 రేటింగ్ అక్కడ అక్కరకు రాదు. ఏ విమానమో తేల్చేది ఉద్యోగమిచ్చే కంపెనీయే.

అందుకే ఖర్చు వరసలో పెట్టండి. అన్నిటికంటే ముందు డీజీసీఏ (పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్ (ఆరోగ్య పరీక్ష), తర్వాత క్లాస్ 1. కళ్లద్దాలకు భయపడక్కర్లేదు. రంగులు గుర్తించడంలో తేడా ఉంటే మాత్రం ఇప్పుడే తెలియాలి, ఫీజు కట్టాక కాదు. ఆ తర్వాత డీజీసీఏ కంప్యూటర్ నంబర్ (పరీక్షలు రాయడానికి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్), నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పరీక్షలు, రేడియో లైసెన్సు. ఇవి ఇంట్లో కూర్చుని కూడా చాలావరకు చదువుకోవచ్చు. ఇవి పాసయ్యాకే 200 గంటల ఫ్లయింగ్‌కు డబ్బు కట్టడం మేలు. పరీక్షలు మిగిలిపోయి గంటలు పూర్తయినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుపోతారు. టైప్ రేటింగ్ అన్నిటికన్నా చివర, కంపెనీ ఎంపిక చేశాక. ఎందుకంటే రేటింగ్ వచ్చినా నడపకుండా కూర్చుంటే ఆ సిమ్యులేటర్ పరీక్షల గడువు తీరిపోతుంది, మళ్లీ సిమ్యులేటర్‌కు సొంత డబ్బు పెట్టాలి.

కొత్తవాళ్లను ఎంచుకుని పైలట్లుగా తయారుచేయడానికి కంపెనీలే నడిపే క్యాడెట్ ప్రోగ్రాముల్లో రేటింగ్ కలిసే ఉంటుంది. ఖరీదెక్కువైనా అక్కడ అర్థముంది, అది ఆ కంపెనీ విమానానికే. అయినా ఆఫర్ కాగితంలో ‘షరతులతో’ అన్న మాట ఎక్కడుందో, ఉద్యోగం ఆలస్యమైతే ఏం చేస్తారో చదవకుండా సంతకం పెట్టొద్దు.

ఫ్లయింగ్ ఖర్చు మోయలేమనిపిస్తే, విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు దారి చిన్నచూపు చూడాల్సింది కాదు. అక్కడొక మెలిక ఉంది. పైలట్‌కు ఒక్క ఏ320 రేటింగ్‌తో ఏ319, ఏ321 కూడా వస్తాయి, ఇంజిన్ ఏదైనా ఒకటే. ఇంజినీరు లైసెన్సు మీద మాత్రం ఇంజిన్ పేరుతో సహా రాస్తారు. సీఎఫ్ఎం56 ఇంజినున్న ఏ320 వేరు, లీప్ ఇంజినున్నది వేరు, ప్రాట్ ఇంజినున్నది వేరు. కాబట్టి టైప్ కోర్సుకు డబ్బు కట్టేముందు ఏ ఇంజిన్‌కో అడగండి.

ఇక ఆ కన్సల్టెన్సీ వాళ్లను లైసెన్సు ఖర్చు, రేటింగ్ ఖర్చు విడివిడిగా కాగితం మీద రాసిమ్మనండి. రేటింగ్ ఇచ్చే సంస్థకు డీజీసీఏ ఆమోదం ఉందా, సిమ్యులేటర్ తర్వాత అసలు విమానంలో చేయాల్సిన ల్యాండింగ్‌ల ఖర్చు కలిసిందా అని అడగండి. లైసెన్సు వరకే విడిగా కట్టడానికి వాళ్లు ఒప్పుకోకపోతే తోట కాగితాలు బ్యాంకుకు తీసుకెళ్లొద్దు.