ఏర్పేడులో ఉద్యోగం, వెంకటగిరిలో కాపురం: కుదురుతుందా?

మీ వారికి ఏర్పేడు దగ్గర ఉద్యోగం వచ్చిందనీ, తిరుపతి అద్దెలు చూసి భయపడి వెంకటగిరిలో ఇల్లు తీసుకుందామనుకుంటున్నారనీ, ఊరు కాపురానికి ఎలా ఉంటుంది, చుట్టాలొస్తే చూపించడానికి ఏమైనా ఉందా అనీ అడిగారు. నాది తిరుపతి. బ్యాంకు ఉద్యోగం మీద వెంకటగిరి వెళ్లి, బంగారుపేటలో మగ్గం నేసేవాళ్ల ఇంట్లోనే కొన్నేళ్లు అద్దెకున్నాను. బదిలీ అయినా ఆ ఇంటితో రాకపోకలు ఆగలేదు.

ముందు మీ ప్రశ్నకు సూటిగా: ఏర్పేడు దాకా అయితే కుదురుతుంది. నేరుగా రోడ్డుంది, రోజూ వెళ్లి రావచ్చు. తిరుపతి దాకా రోజూ అంటే మాత్రం వద్దనే చెప్తాను, నెల తిరిగేసరికి మనిషి అలిసిపోతాడు. ఊళ్లో ఆర్టీసీ డిపో ఉంది, గూడూరు–రేణిగుంట లైను మీద రైల్వే స్టేషనూ ఉంది. 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది కానీ మాట, కూర, చుట్టరికాలు అన్నీ ఇప్పటికీ నెల్లూరు వైపే. పిల్లల చదువు హైస్కూలు దాకా ఫర్వాలేదు. పెద్ద జబ్బు అంటే తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో పరుగెత్తాల్సిందే. ఇంట్లో వయసు మళ్లిన వాళ్లుంటే ఈ విషయం బాగా ఆలోచించండి.

ఇక ఊరి సంగతి. ఇది రాజుల ఊరు. పాత పేరు కలిమిలి. వెలుగోటి వంశం వాళ్లు ఏలిన సంస్థానం. నెల్లూరులో వి.ఆర్. కాలేజీ అంటామే, ఆ వి.ఆర్. అంటే వెంకటగిరి రాజావారే. రాజుల ఆదరణతోనే ఇక్కడ సన్న నూలు నేత పెరిగింది. మొదట్లో రాజకుటుంబాల కోసం తెల్లటి నూలు మీద జరీ అంచుతో నేసేవాళ్లు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి, కొనేవాళ్లు మారారు, చీరల్లోకి రంగులొచ్చాయి. నేత మాత్రం నిలబడింది. చాలామంది కారులో దిగి, కోట ఎక్కడని అడిగి, గేటు దగ్గర ఫోటో దిగి, ఒక షాపులో చీర కొనుక్కుని వెళ్లిపోతారు. నాకు బాధనిపిస్తుంది. రాజావారి కోట టికెట్టు కొని తిరిగే మ్యూజియం కాదు, మనుషులున్న ఇల్లు. ఊళ్లో చూడాల్సింది మగ్గాలు.

నేనున్న ఇంట్లో ముందు గది మొత్తం మగ్గానిదే. గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, నేల మట్టానికి కూర్చుని నేస్తారు. మామూలు చీరకు ఒకరు చాలు. జాందానీ పని అయితే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, మా ఇంటివాళ్లలో ఆయనా ఆవిడా కూర్చునేవాళ్లు. పువ్వు పడాల్సిన చోట మాత్రమే రంగు నూలునో జరీనో వేళ్లతో పడుగు (నిలువు) పోగుల మధ్య చొప్పిస్తారు. ఆ వరస పూర్తయ్యాక నాడె (అడ్డపోగును ఇటూ అటూ తీసుకెళ్లే పనిముట్టు) విసిరి ఒక పేక (అడ్డం) పోగు వేస్తారు. మళ్లీ చొప్పించడం. నెమలి మెడ దగ్గర రంగు మారేచోట ఆవిడ పోగులు లెక్కపెడుతూ నోట్లో ఏదో అనుకునేది, ఆ సమయంలో ఎవరూ పలకరించేవాళ్లం కాదు. పెద్ద పల్లూ ఉన్న చీరకు వారాలు పడుతుంది, పని మరీ ఎక్కువైతే నెలలు. కూలి మాత్రం చీర దిగాకే, అదీ నూలూ జరీ ఇచ్చే సావుకారు దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు పోను. ఈ లెక్క తెలిశాక నేను చీర దగ్గర బేరం ఆడటం మానేశాను.

వానాకాలం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇల్లు చూసేటప్పుడు ఇది మీకూ వర్తిస్తుంది. ఈ వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. గాల్లో చెమ్మ పట్టగానే పడుగు మెత్తబడుతుంది, పోగులు అతుక్కుని తెగుతాయి. గట్టి వాన పడితే గుంటలోకి ఊట దిగుతుంది. మా ఇంటాయన చెంబుతో నీళ్లు తోడి, అడుగున గోనెసంచి పరిచి, మర్నాటికి మళ్లీ తోడేవాడు. ఆ రోజుల్లో పని ఉండదు, పనిలేకపోతే డబ్బులుండవు. గంజి పెట్టడమూ అంతే. పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే ఆరనివ్వాలి. పొద్దున్నే మీ బండికి దారి ఆపి అది కనిపిస్తే హారన్ కొట్టకండి, రెండు నిమిషాలు ఆగితే వాళ్లే దారి ఇస్తారు.

పిల్లలు ఈ పనిలోకి రావడం తగ్గింది. నాయుడుపేట, శ్రీసిటీ వైపు కంపెనీల్లో నెల జీతం కచ్చితంగా వస్తుంది, మగ్గం మీద రాదు. తల్లిదండ్రులే వెళ్లమంటున్నారు, వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. దీనికి తోడు మరమగ్గం మీద అవే డిజైన్లు నేసి వెంకటగిరి పేరు మీదే అమ్మేస్తున్నారు. వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, అయినా షాపులో అడిగి చూసేవాళ్లు ఎంతమంది? ఒక వెలుగు మాట కూడా చెప్పాలి, ఊళ్లో ప్రగడ కోటయ్య పేరు మీద రాష్ట్ర ప్రభుత్వ చేనేత సాంకేతిక సంస్థ ఉంది. నేతపని ఇళ్ల పిల్లలు కొందరు అక్కడ డిప్లొమా చేసి డిజైన్ల వైపు వెళ్తున్నారు.

చీర కొనేటప్పుడు ముందు తిరగేసి చూడండి. అసలు జాందానీ పువ్వు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. మరమగ్గం దాంట్లో పువ్వుకీ పువ్వుకీ మధ్య పోగులు వెనక సాగి ఉంటాయి, లేదా కత్తిరించిన కుచ్చులు చేతికి తగులుతాయి. తర్వాత అంచు వెలుతురుకు పట్టి చూడండి. నేసేటప్పుడు బట్ట లోపలికి ముడుచుకోకుండా రెండు అంచులనూ సూదులున్న కర్రతో పట్టి ఉంచుతారు, ఆ సన్నటి చిల్లులు వరసగా కనిపిస్తాయి. నిజంగా ఇష్టం ఉంటే మగ్గం దగ్గరికే వెళ్లి, రంగులు చెప్పి ఆర్డరివ్వండి. పెళ్లికి కావాలంటే ముహూర్తం పెట్టుకున్న వెంటనే చెప్పాలి, నెల ముందు పరుగెత్తుకొస్తే షాపులో ఉన్నదే గతి.

జాతర గురించి తెలియకుండా ఈ ఊళ్లో ఉండకూడదు. వినాయక చవితి తర్వాత మూడో బుధ, గురువారాల్లో పోలేరమ్మ జాతర. బుధవారం రాత్రి కుమ్మరి వీధిలో మట్టితో అమ్మవారిని చేస్తారు, అది పుట్టిల్లు. అక్కడి నుంచి అత్తారింటికి తీసుకెళ్లి, తర్వాత గుడికి తెస్తారు. గురువారం సాయంత్రం ఊరేగింపు, చివర విరూపణ, అంటే ఆ మట్టి విగ్రహాన్ని విడదీసే తంతు. దేశంలో ఎక్కడున్నా ఆ రెండు రోజులకు ఊరివాళ్లు వచ్చేస్తారు. అద్దె ఇల్లయినా మీ ఇంట్లోనూ ఇద్దరు ముగ్గురు పడుకుంటారు, ఇంటివాళ్ల చుట్టాలే అయినా సరే, వద్దనకండి. ఆ రెండు రోజులు బండి బయటికి తీయలేరు, మీ వారు సెలవు పెట్టుకోవడమే మంచిది. నా మాట వినండి, ఏ టెన్షనూ పెట్టుకోకుండా ఆ జనంలోకి వెళ్లండి, ఊరు మిమ్మల్ని తనలో కలుపుకునేది అప్పుడే.

చుట్టాలను ఆదివారం కాకుండా పనిరోజున తీసుకురండి, పొద్దున పూట మగ్గాలు చూపించి, కాశీపేటలో విశ్వేశ్వరుడి గుడికి వెళ్లి, మధ్యాహ్నానికి శ్రీకాళహస్తి చేరుకోవచ్చు. అక్కడ కలంకారీ వేసే ఇళ్లు కూడా చూడొచ్చు. మగ్గం దగ్గర ఫోటో తీసే ముందు అడగండి, పోగుల మీద చెయ్యి వేయకండి, పిల్లల చేతిలో తినుబండారం ఉంటే బయటే ఆపండి. ఒక జిడ్డు మరక పడితే ఆ చీర కూలిలో కోత పడుతుంది.

ఇల్లు చూడటానికి మాత్రం నవంబరులో, రెండు రోజులు వాన పడ్డాక రండి. గోడల అడుగున చెమ్మ ఎంత ఎత్తుకు పాకిందో, వీధిలో నీళ్లు ఎటు పోతున్నాయో అప్పుడే తెలుస్తుంది. పక్కింట్లో మగ్గం ఉంటే పగలంతా చప్పుడు వినిపిస్తుంది. వారం రోజుల్లో అలవాటవుతుంది, కానీ మీ వారికి రాత్రి షిఫ్టులు ఉండి పగలు నిద్రపోవాల్సి వస్తే బంగారుపేట వదిలేసి వేరే వీధి చూసుకోండి.