విద్యార్థిగా నగరంలో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

రెండు నెలల్లో విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలవుతున్నాయనీ, నగరంలో తెలిసినవారు ఎవరూ లేరనీ, ఫొటోల్లో చక్కగా కనిపిస్తున్న ఒక అపార్ట్‌మెంట్ యజమాని ముందుగా అడ్వాన్స్ పంపితేనే మీకోసం ఉంచుతానంటున్నాడనీ, పంపవచ్చా అనీ మీరు అడిగారు. పంపవద్దు. ఆ ఇల్లు నిజంగా ఉన్నదే అయినా సరే, మీరు గానీ మీ తరఫున నమ్మకస్తులు గానీ ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లి చూసి, ఒప్పందం చదివి సంతకం చేసేంతవరకు చిల్లిగవ్వ కూడా పంపవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇంటి అద్దె పేరుతో జరిగే మోసాలు దాదాపు ఒకే పద్ధతిలో సాగుతాయి. చుట్టుపక్కల ఇళ్లకంటే అద్దె బాగా తక్కువగా ఉంటుంది. యజమాని ఉద్యోగరీత్యా వేరే దేశంలో ఉన్నాననీ, ఇల్లు చూపించడానికి ఎవరూ లేరనీ, డబ్బు అందగానే తాళాలు కొరియర్‌లో పంపుతాననీ అంటాడు. ఇంకా నలుగురైదుగురు అడుగుతున్నారు కాబట్టి ఈరోజే తేల్చుకోమని తొందరపెడతాడు. ఆ ఫొటోలను ఇంటర్నెట్‌లో బొమ్మ ఆధారంగా వెతికే సౌకర్యంతో వెతికి చూడండి. అవే గదులు వేరే ఊరి ప్రకటనలోనో, ఏదో హోటల్ పేజీలోనో కనిపిస్తే ఇక మాట్లాడవలసిన పని లేదు. అలా కనిపించకపోయినా వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమని అడగండి; వీధి వైపు కిటికీ తెరిచి బయట ఏముందో చూపించమనండి. నిజమైన యజమానికి అది ఐదు నిమిషాల పని. అయితే వీడియో కాల్ వల్ల అబద్ధపు ప్రకటనలను ఏరివేయగలమే తప్ప, అది ఇల్లు చూడటానికి ప్రత్యామ్నాయం కాదు.

నా అనుభవం చెబుతాను. నాలుగేళ్ల చదువులో నేను మూడు ఇళ్లలో అద్దెకున్నాను. మొదటి ఇంటి డిపాజిట్‌లో సగానికి పైగా పోగొట్టుకున్నాను; మూడో ఇంటి డిపాజిట్ పూర్తిగా తిరిగి తీసుకున్నాను.

మొదటి ఇంటిని ఒక ఎండాకాలపు మధ్యాహ్నం పది నిమిషాలపాటు చూశాను. గోడలకు కొత్తగా రంగు వేశారు, ఆ వాసన ఇంకా పోలేదు, అది నాకు శుభ్రతకు గుర్తుగా తోచింది. పడకగదిలో బయటి గోడకు ఆనించి పెద్ద బీరువా ఒకటి ఉండేది. వానలు మొదలైన మూడో వారంలో ఆ బీరువా అడుగు అరలో పెట్టిన పుస్తకాల అట్టలు మెత్తబడి, అంచులు ఉబ్బి కనిపించాయి. మిత్రుడి సాయంతో బీరువాను ముందుకు జరిపి చూస్తే, వెనక గోడ నేల నుంచి దాదాపు నడుము ఎత్తు వరకు నల్లబడి ఉంది. గోరుతో తాకితే రంగు పెచ్చులుగా రాలింది. దాని కింద అంతకుముందు వేసిన పాత రంగు, ఆ పాత రంగు మీద కూడా అవే మచ్చలు. అంటే ఆ గోడ నాకంటే ముందున్నవారి కాలంలోనే పాడైంది, దాన్ని రంగుతో కప్పి బీరువాతో మూసేశారు.

ఆరోజే యజమానికి ఫోన్ చేశాను. ఆయన చూద్దామన్నారు. రెండు మూడుసార్లు గుర్తుచేసి ఊరుకున్నాను. సంవత్సరం తిరిగి ఖాళీ చేసే రోజున ఆయన అదే గోడను చూపించి, కిటికీలు మూసుకొని లోపలే బట్టలు ఆరేసినందువల్ల గోడ పాడైందనీ, బాగుచేయించే ఖర్చు డిపాజిట్‌లో పట్టుకుంటాననీ అన్నారు. నేను ముందే చెప్పానంటే, ఎప్పుడు చెప్పావని అడిగారు. నా దగ్గర తేదీ లేదు, ఫొటో లేదు, రాసి పంపిన ఒక్క సందేశం కూడా లేదు. ఇంట్లో తేమ పెరిగి గోడలకు బూజు పట్టడం నిజంగా జరిగేదే కాబట్టి ఆయన మాటను కొట్టిపారేయడానికి నాకు ఆధారం ఏమీ దొరకలేదు. తరువాత తెలుసుకున్నదేమిటంటే, లోపలి తేమ వల్ల వచ్చే నల్ల చుక్కలు ఎక్కువగా గది మూలల్లో, కిటికీ చట్రాల చుట్టూ, గాలి ఆడని సామాను వెనక కనిపిస్తాయి. పైనుంచో పైపు నుంచో నీరు కారితే మరకకు గోధుమరంగు అంచు కడుతుంది. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కితే కింది భాగంలో అడ్డంగా ఒక గీతలాగా మరక ఏర్పడి, తెల్లటి ఉప్పు పూత కూడా కనిపించవచ్చు. నా గోడ ఈ మూడో రకమని ఇప్పుడు అనిపిస్తుంది. ఆరోజు ఈ తేడా చెప్పగలిగి ఉంటే పోయిన డబ్బు అంతా కాకపోయినా కొంతైనా మిగిలేది.

అందుకే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మొహమాటపడకండి. బీరువా జరపమని అడగండి, జరపలేకపోతే ఫోన్ లైటు వెనక్కి పట్టి చూడండి. వంటగది సింకు కింది తలుపు తెరిచి చెయ్యి పెట్టి తడి ఉందేమో తడమండి. వంటింట్లో కుళాయి, స్నానాల గదిలో షవర్ ఒకేసారి తిప్పితే నీటి ధార ఎంతమేరకు తగ్గుతుందో తెలుస్తుంది. ఫోన్ ఛార్జర్ వెంట తీసుకెళ్లి ప్రతి ప్లగ్గులో పెట్టి చూడండి. గ్యాస్‌తో నడిచే గీజర్ ఉంటే మాత్రం మిగతా అన్నింటికంటే ముందు దాన్ని పరిశీలించాలి: పొగ గొట్టం ఇంటి బయటికి వెళ్తోందా, గాలి వచ్చే దారి మూసుకుపోలేదు కదా అని చూడండి. గ్యాస్ సరిగా మండకపోతే వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతాడు. గాలి రాని స్నానాల గదిలో అలాంటి గీజర్ ఉన్న ఇల్లు ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దని నా మనవి. పగలు చూసిన ఇంటిని వీలైతే రాత్రి తొమ్మిది దాటాక మరోసారి చూడండి. పగలు ప్రశాంతంగా కనిపించే వీధి రాత్రివేళ ఎలా ఉంటుందో, మెట్ల దారిలో దీపాలు వెలుగుతాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఖాళీ చేసి వెళ్తున్నవారు ఎదురైతే, ఎందుకు ఖాళీ చేస్తున్నారని మర్యాదగా అడగండి.

ఇక కాగితం సంగతి. ఒప్పందంలో అద్దె, డిపాజిట్ మొత్తాలతో పాటు నీరు, కరెంటు, మెయింటెనెన్స్ ఖర్చులు ఎవరు భరించాలో, మరమ్మతులు ఎవరి బాధ్యతో, ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో, డిపాజిట్‌ను ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రాసి ఉండాలి. వాడుక వల్ల సహజంగా కలిగే అరుగుదలకూ, మీ వల్ల జరిగిన నష్టానికీ తేడా చూపే వాక్యం ఒకటి ఉండేలా చూసుకోండి. విద్యార్థులు ఎక్కువగా ఇబ్బంది పడేది గడువు విషయంలో: ఒప్పందం 12 నెలలకు ఉంటుంది, తరగతులేమో 9 లేదా 10 నెలల్లో ముగుస్తాయి. సెలవుల్లో ఇంకొకరిని ఉంచుకోవచ్చా, మధ్యలో ఖాళీ చేస్తే ఏమవుతుంది అన్నది సంతకానికి ముందే అడిగి, జవాబును కాగితం మీదికి ఎక్కించండి. నోటిమాటగా ఒప్పుకున్నదాన్ని రాయడానికి వెనకాడే యజమాని రేపు దాన్ని నిలబెట్టుకుంటాడని నేను నమ్మను. సంతకం చేసే మనిషే ఇంటి యజమాని అని ఇంటి పన్ను రసీదు వంటి కాగితంతో సరిచూసుకోవడం అవమానించినట్టు కాదు. బ్రోకర్ మధ్యలో ఉంటే ఇది మరింత అవసరం.

నలుగురు కలిసి తీసుకునే ఆలోచన ఉంటే ఒక్క మాట. అందరూ ఒకే ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు చాలా చోట్ల ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులవుతారు. ఒకరు మధ్యలో వెళ్లిపోతే వారి వాటా మిగిలినవారి నెత్తిన పడుతుంది. నా రెండో ఇంట్లో ఇదే జరిగింది. స్నేహం చెడలేదు గానీ, మూడు నెలలు ముగ్గురం నలుగురి అద్దె కట్టాం. వీలైతే ఎవరి గదికి వారు వేర్వేరు ఒప్పందం రాయించుకోండి. లేదంటే వెళ్లిపోయేవారు తమ బదులు మనిషిని చూపించేవరకు వాటా కట్టాలని మీలో మీరు రాసుకొని సంతకాలు చేయండి.

దూరం గురించి కూడా కాగితం మీద లెక్క వేసుకోండి. వెళ్లడానికి 45 నిమిషాలు, రావడానికి 45 నిమిషాలు అనుకుంటే వారానికి ఐదు రోజులకు ఏడున్నర గంటలు. 16 వారాల సెమిస్టర్‌లో 120 గంటలు, అంటే ఐదు పూర్తి రోజులు. అద్దెలో మిగిలేది ఆ కాలానికీ ప్రయాణ ఖర్చుకూ సరిపోతుందో లేదో మీరే చూసుకోవాలి.

మూడో ఇంట్లో నేను మార్చుకున్నది చాలా చిన్న అలవాటు. సామాను దించకముందే ప్రతి గోడనూ, కిటికీనూ, కుళాయినీ ఫొటో తీశాను, కరెంటు మీటర్ రీడింగ్‌ను కూడా. వాటన్నిటినీ ఆరోజే యజమానికి ఈమెయిల్‌లో పంపి, మీరు చూసినట్టు ఒక జవాబు ఇవ్వండని కోరాను. ఆ తరువాత కుళాయి కారినా, తలుపు గడియ వదులైనా, ఫోన్‌లో చెప్పిన విషయాన్నే రెండు వాక్యాల్లో రాసి పంపేదాన్ని. ఖాళీ చేసే రోజున ఇంటి యజమానురాలు వంటగది బండ మీద ఉన్న పగులును చూసి ఆగారు. నేను మొదటిరోజు పంపిన ఫొటోల్లో అది పదకొండోది. ఆవిడ ఫోన్‌లో తేదీ చూసుకొని, అక్కడే నిలబడి డిపాజిట్ మొత్తం లెక్కపెట్టి ఇచ్చారు.

మీకు ఇంకా రెండు నెలల సమయం ఉంది కాబట్టి తొందరపడవలసిన అవసరం లేదు. విశ్వవిద్యాలయంలో విద్యార్థుల వసతి చూసే విభాగం ఉంటే ఈరోజే రాయండి; సీనియర్ల దగ్గర ఖాళీ అవుతున్న ఇళ్ల వివరాలు ప్రకటనల్లోకి రాకముందే దొరుకుతాయి. తరగతులకు రెండు వారాల ముందు నగరానికి చేరి, హాస్టల్‌లోనో అతిథి గృహంలోనో తాత్కాలికంగా దిగి, రోజుకు రెండు మూడు ఇళ్ల చొప్పున స్వయంగా చూడండి. ఆ యజమానికి మాత్రం ఈ రాత్రే ఇలా రాయండి: “మీ ఇల్లు నచ్చింది. ఫలానా తేదీన నేను వచ్చి చూసి, ఒప్పందం మీద సంతకం చేసిన రోజునే అడ్వాన్స్ ఇచ్చి రసీదు తీసుకుంటాను. అప్పటివరకు ఉంచలేకపోతే దయచేసి వేరేవారికి ఇవ్వండి.”