నిప్పు లేని డబ్బాలో వేడి ఎక్కడిది?

ప్రశ్న: మా ఆయన బల్లార్పూర్ దగ్గర బొగ్గు బాయిలో పనిచేస్తారు. నడుముకు కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్‌లో (ప్రమాదంలో నోట్లో పెట్టుకుని గాలి పీల్చుకునే డబ్బా) నల్లటి గింజలు ఉంటాయట. ప్రమాదంలో గాలి వేడిగా వచ్చినా నోట్లోంచి తీయొద్దని ట్రైనింగ్‌లో చెప్పారట. నిప్పు లేదు, బ్యాటరీ లేదు. మరి ఆ వేడి ఎక్కడిది?
– ఒక గృహిణి, రాజురా, చంద్రపూర్ జిల్లా

జవాబు: అమ్మా, ట్రైనింగ్‌లో చెప్పింది అక్షరాలా నిజం. వేడి వస్తోందంటే చుట్టూ విషవాయువు ఉంది, డబ్బా దాన్ని విరగ్గొడుతోంది. వేడికి ఓర్చుకోలేక తీసేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

బాయిలో మంట లేచినా, పేలుడు జరిగినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ఆ నల్లటి గింజలు హాప్‌కలైట్, అంటే మాంగనీసు, రాగి ఆక్సైడ్ల మిశ్రమం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో తయారైంది. అప్పట్లో కోబాల్టు, వెండి ఆక్సైడ్లు కూడా కలిపారు. గింజ మీది ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్ లాక్కుని కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఖాళీ అయిన చోటును గాలిలోని ఆక్సిజన్ మళ్లీ నింపుతుంది. ఈ చర్యలో పుట్టే వేడే నోటికి తగులుతుంది. విషం ఎంత ఎక్కువైతే వేడి అంత ఎక్కువ. (ఆక్సైడ్ ఇలా తన ఆక్సిజన్‌నే ఇచ్చి, తిరిగి నింపుకునే తీరును 1954లో మార్స్, వాన్ క్రెవెలెన్ అనే శాస్త్రవేత్తలు వెనేడియం ఆక్సైడ్ విషయంలో వివరించారు.)

రెండు లోహాలు ఎందుకంటే, రాగి, మాంగనీసు తమలో తాము ఎలక్ట్రాన్లు మార్చుకుంటూ ఉంటే ఆక్సిజన్ ఇవ్వడం, నింపుకోవడం తేలికవుతుంది. అందుకే మామూలు వేడిలోనే పని జరుగుతుంది. తయారీలోనే అసలు నేర్పు ఉంది. నేను కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో ఈ భాగం దగ్గర ఎప్పుడూ ఎక్కువసేపు ఆగేవాణ్ణి. రెండు లోహాల నైట్రేట్ ద్రావణాలను కలిపి, సోడియం కార్బొనేట్ పోస్తే మడ్డి దిగుతుంది. సోడియం పోయేదాకా దాన్ని కడగాలి, ఆరబెట్టాలి, మెల్లగా కాల్చాలి. 500 డిగ్రీలు దాటిందా, స్ఫటికాలు గట్టిపడి చురుకు చచ్చిపోతుంది.

దీనికి పెద్ద శత్రువు తేమ. నీటి ఆవిరి గింజల మీద కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్‌కు చోటుండదు. అందుకే ముందు తేమ పీల్చే పదార్థం పెట్టి, డబ్బాకు గట్టిగా సీలు వేస్తారు.

ఒక్కటి మాత్రం మరవొద్దు. ఇది ఆక్సిజన్ ఇవ్వదు, ఉన్న గాలినే శుభ్రం చేస్తుంది. ఆక్సిజన్ తగ్గిన చోట, సొంతంగా ఆక్సిజన్ ఇచ్చే రకమే కావాలి. తనకు ఇచ్చింది ఏ రకమో మీ ఆయన్ను కనుక్కోమనండి. సీలు ఊడినా, డబ్బా సొట్ట పడినా బాయి దిగకముందే మార్పించుకోమనండి.