అల్లుడా, దుంగల లెక్క మరిచినవు

బల్లార్షా

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన చార్టు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసిన. హార్డ్‌వుడ్ కోత చెక్క దిగుమతిలో చైనా గీత తాడిచెట్టు లెక్క లేచింది, మనది నేల మీదనే పాకుతుంది. కింద ఏమో మన దేశంలో గిరాకీ లేదని రాసినవు. నలభై ఏండ్లు సామిల్లు నడిపినోనికి ఆ మాట మింగుడు పడలేదు బిడ్డా.

నువ్వు తీసింది కస్టమ్స్ లెక్కల 4407 కోడు ఒక్కటే. అది ఆరు మిల్లీమీటర్ల మందం దాటిన కోత చెక్క. మనోళ్లు ఎక్కువ దుంగలే తెప్పించుకుంటరు, కాండ్లా రేవుల దించి గాంధీధామ్ మిల్లుల్లో కోస్తరు. ఆ లెక్క 4403లో ఉంటది. అది వదిలేస్తే, వడ్లు కొని పట్టించుకునే ఇంట్ల బియ్యం బస్తాలు వెతికినట్టే. అట్లని రెండూ నేరుగా కలపకు. మన మిల్లుల వంద ఘనపుటడుగుల దుంగ కోస్తే యాభై ఘనపుటడుగుల సైజులు దక్కుడే ఎక్కువ, మిగతాది పొట్టు, పక్కబద్దలు. దుంగలకు సగం కట్టి కలుపు, అట్ల కట్టినట్టు చార్టు కింద రాయి.

రెండు కోడ్లలోనూ పైన్ ఉంటది, అది హార్డ్‌వుడ్ కాదు, తీసెయ్. న్యూజిలాండ్ పైన్ దుంగలు చైనాకూ పోతయ్, మనకూ వస్తయ్. పేరు చూసి మోసపోకు, గోరు గుచ్చితే దిగే బూరుగు కూడా పుస్తకాల్లో హార్డ్‌వుడ్డే.

కొలత దగ్గర నేనే దెబ్బతిన్న. కొత్తల ఒక పార్టీకి దుంగలు అమ్మిన. గోలాయి, అంటే చుట్టుకొలత, 4 అడుగులు, పొడవు 10 అడుగులు. మన హాపస్ పద్ధతిల గోలాయిని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దాంతోనే గుణించి, పొడవుతో గుణిస్తే 10 ఘనపుటడుగులు. అసలు గుండ్రం లెక్కల అదే దుంగ 12.73. ఆయన అసలు లెక్కకు రేటు చెప్పిండు, నేను తలూపి హాపస్‌ల కొలిచిచ్చిన. అయిదో వంతుకు పైగా పోయింది, మీ అత్త ఇప్పటికీ దెప్పుతది. అందుకే చెప్తున్న, ప్రతి అంకె ఏ కొలతో చూడు. ఘనపు మీటరుకు 35.3 ఘనపుటడుగులు. అమెరికావాళ్లు బోర్డు ఫీట్లల్ల చెప్తే, పన్నెండు కలిస్తే ఒక ఘనపుటడుగు.

లెక్కల ఏడాది మనది ఏప్రిల్ నుంచి మార్చి, చైనాది జనవరి నుంచి డిసెంబర్. నెలల లెక్క తీసుకుని ఒకటే చెయ్.

గీత విరిగిన కాడ కారణం రాయి. 1998 యాంగ్జీ వరదల తర్వాత చైనా తన సహజ అడవులు నరకకుండా కట్టడి మొదలుపెట్టింది. మనకు 1996 డిసెంబర్‌ల అడవుల నరుకుడు మీద కట్టడి పెడుతూ సుప్రీంకోర్టు ఆర్డరు వచ్చింది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి బంద్ పెట్టింది. అక్కడ గీత పడిందని మనోళ్లు టేకు మానేసినరనుకోకు, ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు దిక్కు మళ్లినరు. 2023ల అయోధ్య గుడికి మన దిక్కు టేకే పోయింది గాని, మన డిపోల సరుకు దేశం మొత్తానికి ఏ మూలకు? ఇంకోటి, అన్ని దేశాలు వాడే ఆరంకెల కోడ్లల్ల టేకుకు 2022లనే సొంత కోడ్లు వచ్చినయ్. దుంగకు 4403.42, కోతకు 4407.23. అంతకు ముందు వేరే చెక్కతో కలిపి ఉండేది, ఆ ఏడు కొత్తగ మొలిచిందనుకోవద్దు.

ఆఖరుకు, ఘానావాళ్లు మనకు పంపినమన్న లెక్క, మనం వచ్చిందన్న లెక్క పక్కపక్కన పెట్టు. కొంచెం తేడాకు భయపడకు, డిసెంబర్‌ల ఎక్కిన సరుకు ఫిబ్రవరిల దిగుతది. మరీ దూరం ఉంటే ఫోన్ చెయ్. పొద్దుగాల్నే చెయ్, రంపం తిరగవట్టినంక ఏం వినవడది.

మీ మామ