మామ దగ్గర ఆగిపోయిన నవల

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతాను. మా అమ్మ పుట్టిన ఊరు 1981లో శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. అప్పటికి నేను ఏడాది పిల్లని. ఆ ఊరి మీద నవల మొదలుపెట్టి 180 పేజీలు గబగబా రాశాను. ఊరు ఖాళీ చేసే అధ్యాయం అయ్యాక కథ కదలడం లేదు. ఎనిమిది నెలలుగా రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరవడం, మొదటి అధ్యాయాన్నే మళ్లీ దిద్దడం, మూసేయడం. నవలలో అన్న పరిహారం డబ్బు కోసం కర్నూలు బస్సెక్కాడు. తర్వాత అతన్ని ఏం చేయాలో తోచట్లేదు. ఆ డబ్బులో అమ్మకు వాటా ఇవ్వలేదని ఆమెకూ, ఆమె అన్న అయిన మా మామకూ మధ్య నిజంగానే గొడవ జరిగింది. అది రాయడం నాకిష్టం లేదు. ఎందుకంటే మా మామే నన్ను తన ఇంట్లో ఉంచుకుని డిగ్రీ దాకా చదివించాడు. అమ్మ ‘ఏం రాస్తున్నావే’ అని అడిగితే మాట దాటేస్తున్నాను. మా ఆయన ‘పుస్తకం ఎందాకా వచ్చింది’ అన్నప్పుడల్లా ఏడుపొస్తోంది. ఈ ఏడాది ఒక నవలల పోటీకి పంపాలని ఆశ. నాకు అంత శక్తి లేదేమో, వదిలేయనా? రాసిన వాటిలో ఒక అధ్యాయం జతచేస్తున్నాను.

జవాబు: వదిలేయకండి. మీరు పంపిన అధ్యాయం చదివాక ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

అందులో మీ అవ్వ తలుపు రెక్కలు ఊడదీయించి ఎద్దులబండికి ఎత్తిస్తుంది. దూలాలు దించుతుంటే పక్కన నిలబడి లెక్కపెట్టుకుంటుంది. ఇక గడప ఒక్కటే మిగులుతుంది. దాన్ని పీకడానికి గడ్డపార తెచ్చినవాణ్ణి కాసేపు ఆగమని, కూర్చుని, గడపకు పసుపు రాసి బొట్లు పెడుతుంది. మీరు ఎక్కడా ఆమె ఏడ్చిందని రాయలేదు. చదివేవాళ్లకు మాత్రం గొంతు పట్టేస్తుంది. ఇలా రాయగలిగిన మనిషి శక్తి గురించి అనుమానపడనక్కర్లేదు.

అదే అధ్యాయం చివర అన్న గురించి రాసింది చూడండి. ‘అన్న కర్నూలు బస్సెక్కాడు.’ అంతే. చేతిలో ఏ సంచి ఉందో లేదు, చెల్లెలు బస్సుదాకా వచ్చిందో లేదో లేదు, అతను వెనక్కి తిరిగి చూశాడో లేదో లేదు. గడపకు పెట్టిన బొట్ల దాకా చూసిన మీ కళ్లు అన్న దగ్గరకు వచ్చేసరికి పక్కకు తిరిగిపోయాయి. మీ నవల ఆగిన చోటు అదే. మీకు చదువు చెప్పించిన మామ ముఖాన్ని కాగితం మీద చూడలేక అతన్ని బస్సెక్కించి పంపేశారు. డబ్బు తెచ్చేవాడు తిరిగి రానిదే ఆ ఇంట్లో ఎవరి కథా ముందుకు పోదు కదా!

నవల రాసేవాళ్ల నుంచి నాకు ఉత్తరాలు వస్తుంటాయి. నడిమధ్యలో ఆగిపోయామనేవాళ్లే ఎక్కువ. కొందరికి కథ ఎటు పోవాలో తెలియక ఆగుతుంది. మీకు బాగా తెలిసే ఆగింది. అందుకే కొత్త ప్లాటు ఆలోచించమనో, కథనం నేర్పే పుస్తకాలు చదవమనో మీకు చెప్పను.

మామ గురించి రాయడమంటే మామను దోషిగా నిలబెట్టడమేనని మీరు ముందే అనుకున్నారు. అది నిజం కాకపోవచ్చు. ఆ రోజుల్లోకి వెళ్లి చూడండి. శ్రీశైలం కింద వందకు పైగా ఊళ్లు పోయాయి, లక్షమంది దాకా చెదిరిపోయారు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద ఇచ్చిన పరిహారం చాలదని కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు ఎందరో. వచ్చిన డబ్బు తిండికీ బాడుగకే అయిపోయినవాళ్లూ ఉన్నారు. మరి వాటా సంగతి? ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అదీ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకే. మీ అమ్మగారికి 1981 నాటికే పెళ్లయి మీరు పుట్టారు. అంటే ఆ డబ్బు చాలావరకు తనదే అనుకోవడానికి మీ మామకు అప్పటి చట్టం ఆసరా ఉంది. చెల్లెలి కళ్లలోకి చూడటానికి మాత్రం ఆ చట్టం చాలి ఉండదు. తర్వాత చెల్లెలి కూతురిని తెచ్చి ఇంట్లో పెట్టుకుని చదివించడంలో ఆ బరువు ఏమైనా ఉందా? నాకు తెలియదు, మీకూ ఇంకా తెలియదు. మీరు నవల రాసి తెలుసుకోవాల్సింది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

కాబట్టి అన్న డబ్బు తెచ్చే అధ్యాయాన్ని అతని వైపు నుంచి రాయండి. లాప్‌టాప్‌లో వద్దు. విడిగా ఒక నోటుబుక్కులో, ఎవరికీ చూపించనని మీకు మీరే మాటిచ్చుకుని రాయండి. ఆఫీసులో అతను ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, సంతకం ఎక్కడ పెట్టాడు, నోట్లు ఎక్కడ దాచుకున్నాడు, తిరుగు బస్సులో చెల్లెలికి ఏం చెప్పాలనుకున్నాడు, ఇంటికొచ్చి ఏం చెప్పాడు. వాక్యాలు బాగా రాకపోయినా దిద్దకండి.

ఈలోపు మొదటి అధ్యాయం జోలికి వెళ్లొద్దు. ఈ విషయంలో కాస్త కఠినంగానే చెబుతున్నాను. ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్ రాసినవాళ్లకు వెనక్కి వెళ్లి దిద్దే వీలే ఉండేది కాదు. మొదటి భాగం అచ్చయి జనం చేతుల్లో ఉండేది, వచ్చే వారానిది రాసివ్వాల్సిందే. దిద్దడం తప్పని నేననడం లేదు. గురజాడ 1897లో అచ్చేసిన ‘కన్యాశుల్కం’ను 1909 నాటి రెండో కూర్పుకి దాదాపు కొత్తగా రాశారు. అయితే అప్పటికి ఆ నాటకానికి చివరి అంకం ఉంది, ఆడగా జనం చూశారు కూడా. మీరు చివర లేనిదాన్ని మొదట్లో దిద్దుతున్నారు. ఆ 180 పేజీలు ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి బీరువాలో పెట్టేయండి.

ఇక మనుషుల సంగతి. ముందు అమ్మతో మాట్లాడండి. మాట దాటేసినన్నాళ్లూ ఆమె ఇంకేదో ఊహించుకుంటుంది. ‘నీ ఊరి గురించి రాస్తున్నానమ్మా, అందులో మామలాంటి మనిషి ఉంటాడు’ అని చెప్పండి. రాయొచ్చా అని అనుమతి అడగొద్దు. అడిగితే వద్దనడం తప్ప ఆమెకు ఇంకో దారి ఉండదు, అది అన్న మీద ప్రేమ. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని అడగండి. చెబుతూ ఆమె ఆగిపోతే మీరూ ఆగండి. ఆ నొప్పి మీ నవల కంటే పాతది.

మామ దగ్గరకూ వెళ్లండి. నిలదీయడానికి వద్దు. మా అమ్మకు వాటా ఎందుకివ్వలేదు అన్న ప్రశ్న మొదటి రోజే కాదు, ఎప్పుడూ మీరు అడగనక్కర్లేదు. ఆ ప్రశ్న అడిగే హక్కు మీ అమ్మది. మీరు ఊరి సంగతులు అడగండి. పాత కాగితాలు, నోటీసులు ఏమైనా దాచుంటే చూపించమనండి. ఓపిక ఉంటే వేసవిలో, నీళ్లు బాగా తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడ్డ రోజుల్లో ఆ వైపు తీసుకెళ్లండి. పెద్దవాళ్లు ఇంట్లో చెప్పని మాటలు అక్కడ చెబుతారు. ఫోన్‌లో రికార్డు చేస్తే చెప్పి చేయండి. చాటుగా చేసిన రికార్డింగ్ తర్వాత బయటపడితే మామా మేనకోడళ్ల మధ్య మిగిలేది ఏమీ ఉండదు.

పేర్లు మారిస్తే చాలనుకోకండి, చుట్టాలు ఇట్టే పోల్చుకుంటారు. అన్నను తమ్ముడిగా మార్చండి, ఇంకో అక్కను పెట్టండి, కథలోని ఊరిని నదికి అవతలి ఒడ్డుకు మార్చండి. అప్పుడు ఆ పాత్ర మీ మామను వదిలి తనంతట తను నడవడం మొదలుపెడుతుంది, మీకు చేయి కూడా తేలికవుతుంది. అంతా అయ్యాక, అచ్చుకు ఇచ్చేముందు, అమ్మకు చదివి వినిపించండి. ‘అన్న ఉన్నన్నాళ్లు వద్దులే’ అని ఆమె అంటే ఆ మాట వినమనే నా సలహా. నవల ఆగితే ఏమీ కాదు. అన్నాచెల్లెళ్లు ఈ వయసులో మాటలు మానుకుంటే మళ్లీ కలిసే టైమ్ ఉండదు.

మీవారు ఆ మాట ఎగతాళిగా అంటున్నారో, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నారో ఉత్తరంలో తెలియడం లేదు. ఒకసారి కూర్చోబెట్టి మామ సంగతి చెప్పండి. దీని వెనక ఇంత ఉందని ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. పగలంతా పాఠాలు చెప్పి, వంటా గిన్నెలూ అయ్యాక రాత్రి పదింటికి ఎవరికీ బుర్ర పనిచేయదు. తెల్లవారుజామున ఒక గంట మీకు వదిలి, ఆ గంట టిఫిన్ పని తను చూసుకోమని ఆయన్ని అడగండి. ఏడుపు ఆగకపోయినా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా డాక్టరును కలవండి, దాన్ని రాత టెన్షన్ కింద కొట్టిపారేయొద్దు.

పోటీకి ఈ ఏడాది పంపకండి. గడువు కోసం రాస్తే మీరు అన్నను ఇంకోసారి ఏదో ఒక బస్సెక్కించేస్తారు.