అమెరికాలో ‘అందరికీ స్వాగతం’ అని బోర్డు పెట్టిన మెథడిస్ట్ చర్చికి మన తెలుగు కుటుంబం వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. ఇక్కడ మా ఇంటికి దగ్గర్లో ఒక యునైటెడ్ మెథడిస్ట్ చర్చి ఉంది. బయట ఇంద్రధనుస్సు జెండా, ‘అందరికీ స్వాగతం’ అని బోర్డు. మేం వెళ్లొచ్చా? ఆ ‘అందరి’లో మేమూ ఉంటామా?

జవాబు:

వెళ్లొచ్చు, తప్పకుండా వెళ్లండి. ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారానికి కూడా మొదటి ఆదివారమే వెళ్లొచ్చు. రెండో సంగతి మాత్రం బోర్డు చూసి చెప్పలేం. ఒక సంఘం నిజంగా అందరినీ కలుపుకుంటోందా లేదా తెలియాలంటే భవనం వ్యవహారాలు చూసే ట్రస్టీల్లో, పదవులకు పేర్లు ప్రతిపాదించే నామినేషన్ల కమిటీలో ఎవరున్నారో చూడాలి. నా దృష్టిలో ఇంతకు మించిన కొలత లేదు. జెండా, పాటలు, ప్రసంగాలు అన్నీ దాని తర్వాతే.

ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే ఫిలడెల్ఫియా వెళ్లాలి. అక్కడ సెయింట్ జార్జెస్ అని ఒక మెథడిస్ట్ చర్చి ఉంది, ఇప్పటికీ యునైటెడ్ మెథడిస్టులదే. 18వ శతాబ్దం చివర్లో ఆ చర్చికి నల్లజాతి విశ్వాసులు చాలామంది వచ్చేవారు. రిచర్డ్ అలెన్ వాళ్లలో ప్రసంగీకుడు. జనం పెరిగేకొద్దీ వాళ్లను మామూలుగా కూర్చునే బల్లల మీద నుంచి లేపి గోడల పక్కకు జరిపారు. చర్చికి కొత్తగా గ్యాలరీ కట్టి, నేల వేయించినప్పుడు వాళ్లూ బాగానే చందాలు ఇచ్చారు. ఆ తర్వాత ఒక ఆదివారం గుమ్మం దగ్గరే ఆపి, గ్యాలరీలోకి పొమ్మన్నారు. వెళ్లి కూర్చున్నారు. ప్రార్థన మొదలైంది, మోకరించారు. అలెన్‌కు పెనుగులాట వినబడి తలెత్తి చూస్తే, ఒక ట్రస్టీ వాళ్లలోనే ఒకరైన అబ్సలోమ్ జోన్స్‌ను మోకాళ్ల మీద నుంచి పట్టి లేపుతున్నాడు. ఇక్కడ మోకరించకూడదు, లే అంటున్నాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగండి అన్నారు జోన్స్. ఆగలేదు. ఇంకో ట్రస్టీని సైగ చేసి పిలిచాడు, ఆయన వచ్చి ఇంకొకరిని లేపబోయాడు. ఈలోగా ప్రార్థన అయిపోయింది. అందరూ ఒక్కటిగా లేచి బయటికి నడిచారు. అలెన్ మొదలుపెట్టిన బెతెల్ సంఘం నుంచే 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి ఏర్పడింది.

అలెన్ స్వయంగా రాసిపెట్టిన సంగతి ఇది. ఇందులో చెయ్యి వేసి లేపినవాళ్లు ఎవరో చూడండి. పాస్టర్ గారు కాదు, బిషప్ కాదు. ట్రస్టీలు. అంటే భవనం ఎవరికి, ఏ గది ఎవరికి, ఎవరెక్కడ కూర్చోవాలి అని తేల్చేవాళ్లు. అవతల ప్రార్థన చక్కగానే సాగుతోంది. చందా తీసుకున్నారు, చోటు ఇవ్వలేదు. ఈ 21వ శతాబ్దంలో కూడా గొడవ సరిగ్గా అక్కడే పుడుతుంది.

జెండా సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను, మీ బంధువులు ఫోన్‌లో అడుగుతారు కాబట్టి. గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ మనుషులకూ ఇక్కడ చోటుంది అనడానికి ఆ ఇంద్రధనుస్సు జెండా గుర్తు. 1968లో రెండు చర్చిలు కలిసి యునైటెడ్ మెథడిస్ట్ చర్చి అయింది. 1939 నుంచి అప్పటిదాకా మెథడిస్ట్ చర్చిలోని నల్లజాతి సంఘాలను చాలావరకు ‘సెంట్రల్ జురిస్‌డిక్షన్’ అని వేరే విభాగంలో పెట్టారు, ఆ విలీనంతోనే అది పోయింది. 1972లో స్వలింగ సంబంధాలు క్రైస్తవ బోధకు పొసగవు అనే వాక్యం నియమావళిలోకి వచ్చింది. దానికి ఒప్పుకోని సంఘాలు 1984 నుంచి ‘రికన్సైలింగ్’ (గే, లెస్బియన్లను కలుపుకునే) సంఘాలుగా పేరు నమోదు చేసుకోవడం మొదలుపెట్టాయి. 2019లో సెయింట్ లూయిస్‌లో జరిగిన జనరల్ కాన్ఫరెన్స్‌లో (చర్చి నియమాలు తేల్చే పెద్ద సభ) స్వలింగ వివాహాలు, గే అభ్యర్థుల అభిషేకం మీద నిషేధాన్ని ఇంకా బిగించే ప్రణాళిక 438-384 ఓట్లతో నెగ్గింది. 2024లో షార్లెట్ సభలో అంతా తిరగబడింది. గే, లెస్బియన్ అభ్యర్థులను పాస్టర్లుగా అభిషేకించడం మీద నిషేధం 692-51తో పోయింది, 1972 నాటి వాక్యం 523-161తో పోయింది. ఈ మధ్యలో, 2019-2023 మధ్య, 7,600కు పైగా సంఘాలు విడిపోయాయి. ఇప్పుడు స్వలింగ వివాహం జరిపించాలా వద్దా అనేది ఆ పాస్టర్ ఇష్టం. జరిపించినా శిక్ష లేదు, కుదరదన్నా శిక్ష లేదు.

హైదరాబాద్‌లో మనకు తెలిసిన మెథడిస్ట్ చర్చికి ఈ ఓట్లతో సంబంధం లేదు. మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా 1981 నుంచి స్వతంత్రం. మీ సీఎస్‌ఐ సంగతి అసలు వేరు. అక్కడి మీ సభ్యత్వానికి ఇక్కడి తీర్మానాల వల్ల ఏమీ కాదు.

సరే, ఆ చర్చి స్వాగత ప్రకటన దొరికితే చదవండి, సాధారణంగా వెబ్‌సైట్‌లోనో ఆదివారం బులెటిన్ వెనకో ఉంటుంది. ‘అందరూ’ అని ఊరుకుందా, పేర్లు పెట్టి చెప్పిందా చూడండి. గే, ట్రాన్స్‌జెండర్, వికలాంగులు, వలస వచ్చినవాళ్లు, ఏ జాతివాళ్లైనా, కాగితాలు లేనివాళ్లు అని విడివిడిగా రాసిందంటే వాళ్లు కూర్చుని ఒక్కో మాట మీదా వాదించుకున్నారన్నమాట. మంచి సంఘాలు ఓటుకు ముందు నెలల తరబడి ఇళ్లలో చిన్న చిన్న గుంపులుగా మాట్లాడుకుంటాయి. తొందరపడి బొటాబొటి మెజారిటీతో తీర్మానం చేసిన చోట మరుసటి ఏడాది కానుకలు పడిపోతాయి, కొయిర్ సగం ఖాళీ అవుతుంది, తప్పంతా జెండాదే అంటారు. తప్పు జెండాది కాదు, మాట్లాడుకోకుండా చేతులెత్తించడానిది.

ఇక బల్ల. చాలా మెథడిస్ట్ చర్చిల్లో నెలలో మొదటి ఆదివారం ఉంటుంది. మన దగ్గర చాలా సంఘాల్లో నిర్ధారణ (కన్ఫర్మేషన్) అయ్యాకే కదా, ఇక్కడ అలా కాదు. సభ్యత్వం అడగరు, పిల్లల్ని ఆపరు. ఇచ్చేది వైన్ కాదు, పులియని ద్రాక్షరసం. 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్ట్ ద్రాక్షరసం పులియకుండా కాచి సీసాల్లో పట్టే పద్ధతి కనిపెట్టింది సంస్కారం కోసమే. మద్యం మానుకోవాలని తంటాలు పడేవాళ్లు భయం లేకుండా రావచ్చు. రొట్టె ముక్క చేతిలో పెడతారు, మీరు గిన్నెలో ముంచుకుని తినాలి. ముక్క బొటనవేలి కొస కంటే చిన్నదైతే మీ వేళ్లు రసంలో మునుగుతాయి, అందుకే కాస్త పెద్ద ముక్క అడిగినా తప్పులేదు.

ఒక సంఘం ఎంత శ్రద్ధగా ఉందో ఈ రొట్టె దగ్గరే సగం తెలిసిపోతుంది. గోధుమ పడనివాళ్లకు గ్లూటెన్ లేని రొట్టె పెట్టామంటారు, కానీ అదే పళ్లెంలో ఒక మూల పెడతారు. గోధుమ రొట్టె తుంచిన చేత్తోనే అదీ తీసి ఇస్తారు. గిన్నె అందరికీ ఒకటే, అప్పటికే అందులో నలభై మంది ముంచిన రొట్టె పొడి తేలుతూ ఉంటుంది. సీలియాక్ (గ్లూటెన్ పడని) జబ్బున్న మనిషికి ఆ పొడి చాలు, ఆ వారమంతా కడుపునొప్పి. సరిగ్గా చేసే పద్ధతి ఇది: గ్లూటెన్ లేని రొట్టెకు వేరే మూత పళ్లెం, దానికి వేరే గిన్నె, ఇచ్చే మనిషి వేరు, ఆ మనిషి ఆ రోజు గోధుమ రొట్టె ముట్టకూడదు. ఇంకా మంచిది ఏమిటంటే అందరికీ ఆ రొట్టే ఇచ్చెయ్యడం. మెత్తగా ఉంటుందని చాలామంది కొనే హవాయియన్ తీపి రొట్టెలో పాలు, గుడ్లు ఉంటాయి, అది కూడా ఎవరో ఒకరికి పడదు. ఎవరికి ఏది పడదో అడిగి రాసుకున్న చర్చి కనిపిస్తే సగం నమ్మొచ్చు.

బల్ల మెట్లెక్కి పైన ఉందా, కింద నేల మీద ఉందా అదీ చూడండి. పైనే ఉంటే వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకు చివర్లో ఎవరో రొట్టె తెచ్చి ఇస్తారు, అందరూ చూస్తుంటారు. నలుగురూ నడవలోకి వచ్చి కిందే తీసుకుంటే ఆ తేడా ఉండదు. అమెరికాలో వికలాంగుల చట్టం కింద ర్యాంపులు, వెడల్పు తలుపులు ఉండాలన్న నియమం మత సంస్థలకు వర్తించదు, మినహాయింపు ఉంది. కాబట్టి చర్చిలో ర్యాంపు ఉందంటే చాలాచోట్ల ఆ సంఘం తనంతట తాను డబ్బు పెట్టి కట్టించుకున్నట్టే. 1:12 వాలు కావాలి, అంటే గుమ్మం రెండడుగుల ఎత్తులో ఉంటే ర్యాంపు 24 అడుగులు. పార్కింగ్‌లో రెండు మూడు కార్ల చోటు పోతుంది. ఆ చోటు వదులుకోమని ఓటు వేసేది, మళ్లీ, ట్రస్టీలే.

ఇప్పుడు మన పేర్ల గోల. పిల్లల్ని సండేస్కూల్‌లో దింపేటప్పుడు పేరు కొట్టి స్టిక్కర్ ఇస్తారు, తల్లిదండ్రుల దగ్గర దానికి జత స్టిక్కర్ ఉండాలి. పాస్‌పోర్టుల పుణ్యమా అని మన ఇంట్లో నాన్నది ఒక ఇంటిపేరు, అమ్మది ఒకటి, పిల్లలకు నాన్న పేరే ఇంటిపేరు. వాళ్ల రిజిస్టరు ఇంటిపేరు ప్రకారం కుటుంబాన్ని కలుపుతుంది, మనది మూడు ముక్కలవుతుంది. మొదటి రోజే ముందుగా వెళ్లి నలుగురినీ ఒకే కుటుంబంగా నమోదు చెయ్యమని అడగండి. పేరు పలకడం రాక చిన్న ఇంగ్లీషు పేరు పెట్టబోతారు. ఒప్పుకోకండి. రెండుసార్లు నెమ్మదిగా చెబితే వాళ్లకూ వస్తుంది.

ఒక బాధ చెప్పకుండా ఉండలేను. చాలా మెథడిస్ట్ చర్చిలు మధ్యాహ్నం పూట తెలుగు సహవాసాలకు హాలు అద్దెకిస్తాయి. బీమా పత్రం అడుగుతారు, సాధారణంగా పది లక్షల డాలర్ల బాధ్యతకు, అది న్యాయమే. కానీ వంటగది అల్మారాలకు తాళం, సౌండ్ బోర్డుకు తాళం, పులిహోర వాసన మీద ఫిర్యాదు. పదేళ్లు అద్దె కట్టినవాళ్లు కూడా ట్రస్టీల సమావేశంలో ఒక్కసారి కూర్చోని చోట్లున్నాయి. సెయింట్ జార్జెస్ గ్యాలరీకి చందా ఇచ్చినవాళ్ల పరిస్థితికీ దీనికీ ఎంత దూరమో మీరే ఆలోచించండి. మనవాళ్ల తప్పూ తక్కువేం కాదు. వాళ్ల జెండా కింద నుంచే నడిచి వెళ్లి, లోపల ఆ జెండా మనుషుల్నే తిట్టే ప్రసంగాలు చేస్తాం. కొత్తగా వచ్చిన కుటుంబాన్ని మీదే ఊరు, అక్కడ ఏ పేట అని అడిగి కులం కూపీ లాగుతాం. మాల, మాదిగ పేటల నుంచి క్రీస్తు దగ్గరికి వచ్చిన లక్షల మంది బిడ్డలం మనం. కులాన్ని అట్లాంటిక్ దాటించి చర్చి మెట్లెక్కించడం కంటే పెద్ద పాపం నాకు కనబడదు. ఎవరినీ బయట ఉంచం అని ఇక్కడివాళ్లు రాసుకున్న ప్రకటనలో ‘కులం’ అనే మాట కూడా చేర్చమని అడగాల్సింది మనమే, ఎందుకంటే వాళ్లకు అది కనిపించదు.

అందుకే మళ్లీ నామినేషన్ల దగ్గరికి వస్తాను. మెథడిస్ట్ చర్చిలో పాస్టర్‌ను నియమించేది బిషప్, నియామకం ఏడాదికోసారి. మంచి పాస్టర్ గారిని నమ్ముకుని జెండా పెడితే, ఏ జులైలోనో ఆయన బదిలీ అవుతారు, సంఘం బిక్కమొహం వేస్తుంది. కాగితం మీద రాసిన నియమం, కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం మిగులుతారు. ట్రస్టీలు భవనం చూస్తారు. పాస్టర్-సిబ్బంది కమిటీ ఎలాంటి పాస్టర్ కావాలో బిషప్ తరఫువాళ్లకు చెబుతుంది. వీళ్ల పేర్లు ప్రతిపాదించేది నామినేషన్ల కమిటీ, మూడేళ్ల పదవి, ఏటా మూడో వంతు మంది మారతారు. ఓటింగ్ చార్జ్ కాన్ఫరెన్స్‌లో, అంటే ఏటా జరిగే స్థానిక సంఘం సభలో, ఎక్కువ చోట్ల అది శరదృతువులో, కాబట్టి పేర్లు వేసవి చివరికే సిద్ధమైపోతాయి. అక్టోబరులో అడిగితే ఆలస్యం.

మీరు చెయ్యాల్సింది కొద్దిగానే. మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే కారెక్కకండి, కాఫీ దగ్గర అరగంట ఉండండి, మనవాళ్లు చాలామంది ఇది చెయ్యరు. సీఎస్‌ఐ వదులుకోవాల్సిన పని లేదు, వేరే సంఘం సభ్యులు ఇక్కడ ‘అసోసియేట్’ సభ్యులుగా చేరవచ్చు. పూర్తి సభ్యత్వమే కావాలనుకుంటే ఊళ్లో పాస్టర్ గారి దగ్గర సభ్యత్వ బదిలీ లేఖ తెప్పించుకోండి, బాప్తిస్మం మళ్లీ ఇవ్వరు. పిల్లల భద్రత కోసం తరగతి తలుపుకు లోపలికి కనబడే అద్దం ఉందా, లోపల బంధువులు కాని ఇద్దరు పెద్దవాళ్లున్నారా చూడండి, లేకపోతే నిలదీసి అడగండి. ఒక ఏడాది గడిచాక, జులైలోనో ఆగస్టులోనో నామినేషన్ల కమిటీకి నాలుగు వాక్యాల మెయిల్ రాయండి: మీరెవరు, ఏ పని చేతనవును, నెలలో ఏ సాయంత్రం ఖాళీ, ఏ కమిటీ కావాలి. వంట కమిటీలో వేస్తామంటే థాంక్స్ చెప్పి, ట్రస్టీలలో ఖాళీ ఉందేమో అడగండి.